గ్రో రూమ్‌కి సీఓ2 పెట్టడం: సిలిండర్ కొనేముందు గదిని కొలుచుకోండి

గ్రో రూమ్‌కి, అంటే లైట్ల కింద మొక్కలు పెంచే గదికి, మొక్కలు బాగా పెరగాలని సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) పెట్టడం గురించి అడిగేవాళ్ళలో చాలామంది నేరుగా సిలిండర్ ఏ సైజుది తీసుకోవాలి అనే మొదలెడతారు. నేను మాత్రం ఎవరడిగినా ముందు మీటర్ కొనమంటాను, సిలిండర్ సంగతి తర్వాత చూద్దాం. లైట్లు వెలుగుతున్నప్పుడు ఒక పగలు, ఆపేశాక ఒక రాత్రి మీ గదిలో సీఓ2 ఎంత ఉంటుందో గంటగంటకీ రాసుకోండి, సగం ప్రశ్నలకి జవాబు ఆ కాగితం మీదే దొరికిపోతుంది.

బయట గాలిలో ఇప్పుడు 420 పీపీఎం పైనే ఉంది, అంటే గాలి పది లక్షల పాళ్ళనుకుంటే అందులో 420 పాళ్ళు (1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలెట్టినప్పుడు 315 దగ్గర ఉండేది). ఇది ఎంత తక్కువో మామూలుగా మనకి అర్థం కాదు, అందుకే లెక్కేసి చూపిస్తా. 3 మీటర్లు పొడవు, 3 వెడల్పు, రెండున్నర ఎత్తు ఉన్న గదంటే 22.5 ఘనపు మీటర్లు. ఆ గది మొత్తంలో ఉన్న సీఓ2 బరువు 17 గ్రాములే. మంచి లైట్ కింద గుబురుగా ఉన్న మొక్కలు చదరపు మీటరుకి గంటకి సుమారు 3 గ్రాములు లాగేస్తాయి, అలాంటి గుబురు 4 చదరపు మీటర్లు ఉందంటే గంటకి 12 గ్రాములు, మరి గదిలో ఉన్నవే 17. తలుపులు బిగించేసిన గదిలో గంట తిరక్కుండానే 200 పీపీఎం దగ్గరికి పడిపోవడానికి కారణం ఇదే, అక్కడికొచ్చాక లైట్లు ఎంత వెలిగినా కరెంటు బిల్లు పెరుగుతుందే తప్ప మొక్క పెరగదు. మీ మీటర్ పగలు 300, 250 చూపిస్తోందంటే మీకు ముందు కావాల్సింది సిలిండర్ కాదు, బయటి గాలి. ఒక చిన్న ఇన్‌టేక్ ఫ్యాన్ పెట్టి 420కి తీసుకురండి, చాలామందికి అక్కడే కళ్ళకి కనపడేంత తేడా వస్తుంది, అదీ దాదాపు పైసా ఖర్చు లేకుండా.

420 నుంచి పైకి తీసుకెళ్తే ఎందుకు లాభమంటే, ఆకులో కార్బన్‌ని పట్టుకునే ఎంజైమ్ పేరు రుబిస్కో, దానికున్న బలహీనత ఏంటంటే సీఓ2ని పట్టుకోవాల్సిన చోట ఒక్కోసారి ఆక్సిజన్‌ని పట్టేసుకుంటుంది, అలా జరిగినప్పుడల్లా మొక్క అప్పటికే సంపాదించుకున్న దాంట్లో కొంత దండగైపోతుంది. చుట్టూ సీఓ2 ఎక్కువుంటే ఆ పొరపాటు తగ్గుతుంది. టమాటా, కీరా, క్యాప్సికం, లెట్యూస్, స్ట్రాబెర్రీ, చాలా పూలమొక్కలు, ఆకుకూరలు అన్నీ ఈ బాపతే. మొక్కజొన్న, చెరకు లాంటివి మాత్రం ఆకు లోపలే సీఓ2ని పోగేసుకునే ఏర్పాటు ఉన్నవి, వాటికి మనమిచ్చేదానితో పెద్దగా ఒరిగేదేం లేదు. కాక్టస్‌లు, చాలా రకాల ఆర్కిడ్‌లు అయితే రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరుస్తాయి, వాటి లెక్కే వేరు, ఇక్కడ వాటి జోలికి పోవట్లేదు.

ఎంత దాకా పెంచాలి అంటే 800 నుంచి 1200 మధ్య. 420 నుంచి 800కి వెళ్ళినప్పుడు వచ్చేంత లాభం 800 నుంచి 1200కి వెళ్తే రాదు, 1500 దాటాక ఇంకా పోస్తే గ్యాస్ ఖర్చు తప్ప ఏం లేదు, కొన్ని మొక్కలకి ఆకులు కూడా పాడవుతాయి. నా మాట వింటే మొదటి పంటకి 800 పెట్టుకోండి, గది అలవాటయ్యాక 1000. అన్నీ కుదిరితే దిగుబడి 20 నుంచి 30 శాతం పెరుగుతుందని గ్రీన్‌హౌస్ వాళ్ళు సాధారణంగా చెప్పే మాట, కానీ ఆ "అన్నీ కుదిరితే" అనే దగ్గరే అసలు పనంతా ఉంది.

కుదరాల్సిన వాటిలో మొదటిది లైట్. మొక్కల కొసల దగ్గర లైట్ కొలిచి చూడండి, 500 మైక్రోమోల్స్ (చదరపు మీటరు మీద సెకనుకి పడే కాంతి కొలత) కూడా లేకపోతే ఆ డబ్బు ముందు లైట్ మీద పెట్టండి, సీఓ2 వల్ల అప్పుడు అసలు లాభం ఉండదని కాదు గానీ పెట్టిన శ్రమకి తగ్గట్టు రాదు. 600 నుంచి 900 మధ్య ఉన్నవాళ్ళకి సీఓ2 బాగా కలిసొస్తుంది. రెండోది వేడి. సీఓ2 ఎక్కువున్నప్పుడు మొక్క ఇంకొంచెం వెచ్చదనంలో బాగా పనిచేస్తుంది, మామూలుగా 24, 25 డిగ్రీల్లో పెంచేవి 27, 28 దాకా హాయిగా ఉంటాయి, ఇది మనకి ఏసీ ఖర్చులో కలిసొచ్చే విషయం. మూడోది, అందరూ వదిలేసేది, గది బిగుతు.

బిగుతు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను మొదటిసారి సిలిండర్ పెట్టినప్పుడు రెండు వారాల్లో ఖాళీ అయిపోయింది, రెగ్యులేటర్ లీకేమోనని దాన్ని విప్పి బిగించి విప్పి బిగించి చివరికి తేలిందేంటంటే లీకు గదిదే, తలుపు కింద సందులోంచి, కేబుళ్ళు వెళ్ళే కంతలోంచి పోతోంది. కొనకముందే దీన్ని తేల్చుకోవడానికి గ్యాస్ కూడా అక్కర్లేదు, మన ఊపిరి చాలు. ఊరికే కూర్చున్న మనిషి గంటకి దాదాపు 18, 20 లీటర్ల సీఓ2 వదులుతాడు, పైన చెప్పిన గదిని 400 నుంచి 1200కి తీసుకెళ్ళడానికి కావాల్సింది కూడా సరిగ్గా 18 లీటర్లే, బరువులో 32 గ్రాములు. కాబట్టి లైట్లు ఆపాక, మొక్కలు లేనప్పుడైతే ఇంకా మంచిది, ఎగ్జాస్ట్ ఆపేసి, లోపల గాలి తిప్పే ఫ్యాన్ వేసి, తలుపేసుకుని ఒక గంట కూర్చోండి. గంట తర్వాత ఎంతుందో రాసుకుని బయటికొచ్చి తలుపు మూసేసి, ఫోన్‌లో కనపడే మీటరైతే ఫోన్‌లో, లేకపోతే అద్దంలోంచి చూస్తూ ఉండండి. బయటి గాలి కన్నా ఎంత ఎక్కువుందో అందులో సగం కావడానికి ఎంతసేపు పట్టిందో అదే మీ గది లెక్క. ఉదాహరణకి 1220 దగ్గర బయటికొచ్చారు, అంటే 800 ఎక్కువుంది, 820కి దిగేసరికి సగమైనట్టు. గంటసేపు కూర్చున్నా 700 కూడా దాటలేదంటే ఇంక టైమ్ చూడక్కర్లేదు, గది జల్లెడన్నమాట.

అలా సగం కావడానికి అరగంటే పట్టిందనుకోండి, ఆ గదిని 1200లో నిలబెట్టడానికి గంటకి సుమారు 44 గ్రాములు సందుల్లోంచే పోతాయి, రోజుకి 12 గంటల లైట్ అంటే అర కిలో పైన, మొక్కలు తినేది 150 గ్రాములు దానికి అదనం. 10 కిలోల సిలిండర్ రెండు వారాలే వస్తుంది. అదే రెండు గంటలు పట్టే గదైతే లీకు రోజుకి 130 గ్రాముల చిల్లర, మొక్కల తిండితో కలిపి 280, సిలిండర్ ఐదు వారాలొస్తుంది. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద బ్రష్ పట్టీ, కంతలకి సిలికాన్, డక్టులకి గాలి వెనక్కి రాకుండా మూసుకునే డ్యాంపర్, ఇంతకన్నా ఏం లేదు, ఒక ఆదివారం పని. రోజంతా ఎగ్జాస్ట్ తిరిగితే తప్ప వేడి తగ్గని గదైతే మాత్రం సీఓ2 ఆలోచన మానుకోండి, చిల్లు బకెట్‌లో నీళ్ళు పోసినట్టే. అలాంటి గదికి ముందు ఏసీ, డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగేసే యంత్రం) పెట్టి ఎగ్జాస్ట్ అవసరం తగ్గించాలి.

ఇక సీఓ2 ఎక్కణ్ణుంచి తేవాలి. పంచదార, ఈస్ట్ కలిపిన బాటిల్ గురించి అందరూ చెప్తారు, లెక్క చూస్తే కిలో పంచదార మొత్తం పులిసినా అరకిలో సీఓ2 వస్తుంది, అది రెండు వారాల పాటు రాత్రీ పగలూ కారుతుంది, అంటే రోజుకి 35 గ్రాములు, మన గదిని ఒక్కసారి నింపడానికి సరిపోతుంది అంతే. చిన్న టెంట్‌లో కొంచెం తేడా తెలుస్తుందేమో గానీ గదికి పనికిరాదు. వంటసోడా, వెనిగర్ కూడా అంతే, 100 గ్రాముల సోడాకి 52 గ్రాములొస్తుంది, అదంతా ఒకేసారి వచ్చి పోతుంది. పుట్టగొడుగుల బ్యాగులు వేలాడదీస్తారు, వాటిని ఆపడం, పెంచడం మన చేతిలో ఉండదు, ఎంతిస్తున్నాయో తెలీదు. డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన సీఓ2, మైనస్ 78 డిగ్రీల్లో ఉంటుంది, చేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది, మూతబిగించిన డబ్బాలో పెడితే పేలుతుంది, రోజూ తెచ్చుకోవాలి, ఇంట్లో వద్దు. గ్యాస్ మండించే బర్నర్లు పెద్ద గ్రీన్‌హౌస్‌లకి చవకే, కానీ వాటితో వేడి వస్తుంది, తేమ వస్తుంది, మంట సరిగ్గా లేకపోతే మనుషుల్ని చంపే కార్బన్ మోనాక్సైడ్, మొక్కల పూలు రాల్చేసే ఎథిలీన్ కూడా వస్తాయి. ఇంట్లో గదికి నేనైతే సిలిండర్ తప్ప ఏదీ చెప్పను. ఎంత కావాలో అంతే వదలొచ్చు, ఆపాలంటే ఆగుతుంది.

సిలిండర్ పెట్టేటప్పుడు నిలువుగానే ఉండాలి, గోడకి గొలుసుతో కట్టాలి, పడిపోయి వాల్వ్ విరిగితే అది రాకెట్టే. లోపల ఉన్నది ద్రవం, పడుకోబెడితే రెగ్యులేటర్‌లోకి ద్రవమే వచ్చేస్తుంది. వీలైతే సిలిండర్‌ని గ్రో రూమ్‌లో కాకుండా బయట గాలి ఆడే చోట పెట్టి ట్యూబ్ ఒక్కటే లోపలికి తీసుకెళ్ళండి, ఎందుకో కిందకొచ్చాక చెప్తా. ఎండ తగిలే చోట, హీటర్ పక్కన అసలే వద్దు. రెగ్యులేటర్ బిగించేముందు మధ్యలో వాషర్ ఉందో లేదో చూడండి. రెగ్యులేటర్, దాని తర్వాత ఫ్లో మీటర్, సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) ఉంటాయి, ఈ మూడూ కలిపిన సెట్టే దొరుకుతుంది, సోలినాయిడ్ మాత్రం కరెంటు పోతే మూసుకునే రకమే తీసుకోండి, ఇది తప్పనిసరి. అన్నీ బిగించాక సబ్బునీళ్ళు బ్రష్‌తో ప్రతి జాయింట్‌కీ రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి, సిలిండర్ మార్చిన ప్రతిసారీ ఇది చేయాల్సిందే. ఇంకో మాట, రెగ్యులేటర్ మీద ప్రెషర్ చూసి ఇంకా చాలా ఉందనుకోకండి, లోపల ద్రవం ఉన్నంతసేపూ 20 డిగ్రీల దగ్గర 57 బార్ చూపిస్తూనే ఉంటుంది, ద్రవం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాల్సిందే, ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే కొట్టి ఉంటుంది.

గదిలోకి వచ్చిన ట్యూబ్‌ని మొక్కల పైన ఒక రౌండు తిప్పి, చిన్న చిన్న రంధ్రాలు పెట్టండి. సీఓ2 గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి పైనుంచి దిగుతుంది అంటారు, నిజమే కానీ దాని మీదే ఆధారపడకండి, గాలిలో కలపాల్సింది ఫ్యాన్లే. ఆకులు మెల్లగా కదులుతూ ఉండేంత గాలి గుబురు లోపలికి కూడా వెళ్తుంటే చాలు. ఫ్లో ఎక్కువ పెట్టకండి, రెగ్యులేటర్ మంచు పట్టేస్తుంది. మన గది లెక్కకి నిమిషానికి 5 లీటర్లు పెట్టినా నాలుగు నిమిషాల్లోపే 400 నుంచి 1200కి వెళ్ళిపోతుంది, కాబట్టి తొందర అక్కర్లేదు.

సోలినాయిడ్‌ని కంట్రోలర్‌కి, అంటే గదిలో సీఓ2 ఎంతుందో చూసి వాల్వ్‌ని తెరిచి మూసే పెట్టెకి కలపండి, టైమర్‌కి కాదు. టైమర్‌కి గదిలో ఎంతుందో తెలీదు, మొక్కలు తినకపోయినా వదులుతూనే ఉంటుంది. కంట్రోలర్‌కి లైట్ పసిగట్టే కన్ను ఉంటే ఇంకా మంచిది, చీకట్లో మొక్కలు సీఓ2 తీసుకోవు సరికదా వదులుతాయి, రాత్రిపూట పెట్టే ప్రతి గ్రామూ వృథాయే. లైట్లు ఆపడానికి అరగంట ముందే ఆపేస్తే ఉన్నదాన్ని అవే తినేస్తాయి. ఎగ్జాస్ట్ తిరిగేటప్పుడు సోలినాయిడ్ మూసుకుని ఉండేలా రెండింటినీ కలపండి, లేకపోతే ఇటు పోస్తూ అటు పారబోస్తున్నట్టే.

మీటర్ విషయంలో రెండు మోసాలున్నాయి. ఒకటి, చవకగా దొరికే కొన్ని మీటర్లు సీఓ2ని అసలు కొలవవు, గాలిలో ఆల్కహాల్ లాంటి ఆవిర్లని పట్టుకుని దాన్నిబట్టి ఒక అంకె ఊహించి చూపిస్తాయి. దాని దగ్గర శానిటైజర్ రాసుకున్న చెయ్యి పెట్టి చూడండి, అంకె వేలల్లోకి ఎగిరితే అది పనికిరాదు. ఇన్‌ఫ్రారెడ్‌తో కొలిచేదే కావాలి, డబ్బా మీద ఎన్‌డీఐఆర్ అని ఉంటుంది. రెండోది అసలైనది, నాకు బాగా తగిలింది. చాలా ఇన్‌ఫ్రారెడ్ మీటర్లు వారం రోజుల్లో తాము చూసిన అతి తక్కువ విలువే బయటి గాలి అనుకుని దాన్ని 400గా సర్దేసుకుంటాయి. మామూలు ఆఫీసు గదికి అది బాగానే పనిచేస్తుంది, రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి. మన గదిలో మాత్రం పగలు మనం 1000 పెడతాం, రాత్రి మొక్కలే వదులుతాయి, బిగుతైన గది కాబట్టి 400కి ఎప్పటికీ దిగదు. అది 700ని చూసి 400 అనుకుంటుంది, ఇంక అక్కణ్ణుంచి అన్నీ తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ ఏమో ఇంకా ఇంకా వదులుతుంది. నా గదిలో ఒకరోజు పని చేస్తుంటే తలనొప్పి, కాస్త ఆయాసం, మీటర్ చూస్తే 950, అనుమానమొచ్చి ఇంకో మీటర్ తెచ్చి పెడితే 2000 దగ్గరుంది. అప్పట్నుంచి ఆ ఆటో కాలిబ్రేషన్ ఆపేసి, నెలకోసారి మీటర్‌ని బయటికి తీసుకెళ్ళి ఆరుబయట ఇరవై నిమిషాలుంచి 420 దగ్గర చూపిస్తుందో లేదో చూస్తున్నాను. మీ దాంట్లో ఆటో ఆపడం కుదరకపోతే అది గ్రో రూమ్‌కి సరిపడేది కాదు. సెన్సర్ మొక్కల కొసల ఎత్తులో ఉండాలి, ట్యూబ్ రంధ్రాలకి, మనం నిలబడి ఊపిరి వదిలే చోటుకి దూరంగా, లైట్ నేరుగా పడకుండా.

ఇప్పుడు మనుషుల సంగతి, దయచేసి ఇది దాటేయకండి. 1000, 1200లో మనం లోపలికెళ్ళి పని చేసుకుంటే ప్రమాదం లేదు. పని చేసే చోట్ల ఎనిమిది గంటలకి పెట్టుకున్న హద్దు 5000 పీపీఎం, 40,000 అంటే వెంటనే ప్రాణం మీదికొచ్చే స్థాయి, లక్ష, అంటే 10 శాతం ఉంటే నిమిషాల్లో స్పృహ పోతుంది. ఆక్సిజన్ తగ్గడం వల్ల మాత్రమే కాదు, సీఓ2 తనంతట తానే విషం. రంగుండదు, వాసనుండదు. 1986 ఆగస్టు 21 రాత్రి కామెరూన్‌లోని న్యోస్ సరస్సు నుంచి సీఓ2 ఒక్కసారిగా బయటికొచ్చి పల్లంలోకి పారి సుమారు 1,700 మంది చనిపోయారు, చాలామంది నిద్రలోనే. మన లెక్క చూడండి, ఒక 10 కిలోల సిలిండర్ మొత్తం 5,500 లీటర్ల గ్యాస్, మన 22.5 ఘనపు మీటర్ల గదిలో లీకైతే గాలిలో దాదాపు ఐదోవంతు సీఓ2యే ఉంటుంది. సిలిండర్ బయట పెట్టమన్నది అందుకే, ఒక్క వాల్వ్ ఇరుక్కుపోతే చాలు.

కాబట్టి కంట్రోలర్‌తో సంబంధం లేని రెండో మీటర్ ఒకటి, 5000 దగ్గర గట్టిగా మోగే అలారంతో, బయటికి కూడా వినపడేలా పెట్టండి. గ్రో రూమ్ పక్కనో కిందో పడకగది ఉంటే అక్కడా ఒకటి ఉండాలి, గ్యాస్ కిందికే జారుతుంది కదా. లోపలికెళ్ళేముందు తలుపు బయట అంకె చూసే అలవాటు చేసుకోండి. అలారం మోగుతుంటే వెళ్ళొద్దు, బయట సిలిండర్ వాల్వ్ మూసేసి, బయట స్విచ్‌తో ఎగ్జాస్ట్ వేసి, అంకె దిగాకే వెళ్ళండి. లోపల ఎవరైనా పడిపోయి ఉన్నా ఊపిరి బిగబట్టుకుని పరిగెత్తొద్దు, ఇలాంటి చోట్ల కాపాడబోయినవాళ్ళే రెండోవాళ్ళుగా పోతారు, ఎమర్జెన్సీకి ఫోన్ చేసి గాలి మార్చండి. పిల్లలుండే ఇల్లైతే గదికి తాళం ఉండాలి. సిలిండర్ కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించుకుని తెండి. పురుగులు చావడానికి 10,000 పీపీఎం పెట్టేవాళ్ళున్నారు, ఇంట్లో ఆ పని చేయకండి, పురుగులకి వేరే దారులున్నాయి.

మొదలెట్టిన వారం, పది రోజుల్లో మొక్కల్లో మార్పు కనపడుతుంది. సీఓ2 సులువుగా దొరికేసరికి ఆకు రంధ్రాలు కొంచెం మూసుకుంటాయి, నీళ్ళు తాగడం ఒక్కో ఆకుకి తగ్గుతుంది, కానీ ఆకులు పెద్దవై ఎక్కువ కావడంతో మొక్క మొత్తానికి అంతే కావచ్చు, పెరగనూ వచ్చు, కాబట్టి పాత టైమ్‌టేబుల్ ప్రకారం కాకుండా కుండీ ఎత్తి బరువు చూసి నీళ్ళు పోయండి. ఎరువు విషయంలో వేగంగా పెరిగే మొక్కకి అన్నీ ఎక్కువే కావాలి, ముందుగా నత్రజని తక్కువైనట్టు కింది ఆకులు పాలిపోతాయి, అది చూసి కొద్దికొద్దిగా పెంచండి, ఒకేసారి రెట్టింపు చేయకండి. లెట్యూస్ పెంచేవాళ్ళు లోపలి లేతాకుల అంచులు మాడుతున్నాయేమో చూడాలి, నీళ్ళతో పాటే కాల్షియం పైకెళ్తుంది కాబట్టి, వేగంగా పెరిగే లేతాకులకి అది అందదు, అక్కడికి గాలి తగిలేలా ఫ్యాన్ కొంచెం కిందికి తిప్పితే చాలావరకు తగ్గుతుంది. బిగుతైన గదిలో తేమ కూడా పేరుకుంటుంది, 70 శాతం దాటనివ్వకండి, బూజు పట్టేస్తుంది. అప్పుడే మొలిచిన మొలకలకి, వేర్లు పట్టని కొమ్మలకి సీఓ2 పెట్టక్కర్లేదు, ఆకులు గుబురై లైట్ పూర్తిగా వేశాక మొదలెట్టండి.

ఒక పంట సీఓ2 లేకుండా, తర్వాతి పంట అదే మొక్కకి, అదే లైట్‌కి సీఓ2తో తీసి రెండింటి కోత బరువూ, వాడిన గ్యాస్ బరువూ పక్కపక్కనే రాసుకోండి. మూడో పంటకి సిలిండర్ నింపించాలా వద్దా అనేది ఆ అంకెలు చూసి నిర్ణయించుకోండి.